నాకు తెలియకుండా తగ్గిన బీపీ

నాకు బీపీ ఉంది. ఈ ఒక్క ముక్క కాగితం మీద పెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది. మాట తిన్నగా వస్తోంది, ఎడమచేత్తో గ్లాసు పట్టుకుంటే జారిపోవడం లేదు. కోపం ఒక్కటే తగ్గలేదు. ఎక్కడైనా నోరు జారితే చదివేవాళ్ళు మరోలా అనుకోవద్దు.

మాది కోనసీమ. కువైట్‌లో ముబారక్ అల్ కబీర్‌లో ఓ పెద్ద ఇంట్లో ఇల్లు తుడవడం, బట్టలు, ఇస్త్రీ నా పని. ఇంటావిడని అందరిలాగే మామా అంటాం. ఆవిడ తల్లి మంచం దిగలేని పెద్దావిడ, ఆమెని మామా కబీరా అంటాం. వంట మా మంగ వదినది. మా ఆయనకి సొంత అక్క. నాకు వీసా తెప్పించింది ఆవిడే. నేను విమానం దిగిన రోజు జనంలో తప్పిపోతానేమోనని నా చెయ్యి వదలకుండా బయటికి నడిపించిందీ ఆవిడే. ఇద్దరికీ ఒకటే గది, ఒకటే కొబ్బరినూనె సీసా. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పరాయివాళ్ళు చేసిన పనైతే నేను ఇంత బాధపడేదాన్ని కాదు.

రెండేళ్ళ కిందట, చలికాలం. డాబా మీద తివాచీలు దులుపుతుంటే ముక్కులోంచి రక్తం కారింది. పైట చెంగుతో తుడుచుకుని పనిలో పడ్డాను గానీ మామా చూసేసింది. అబాయా వేసుకుని, నన్ను కారెక్కించుకుని పేటలో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్ళింది. ఆడవాళ్ళు కూర్చునే గదిలో టోకెన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాం. పక్కన ఒక పసివాడు ఆపకుండా ఏడుస్తున్నాడు. నేనేమో ఇంట్లో నానబెట్టిన బట్టల గురించి ఆలోచిస్తున్నాను.

లోపల మలయాళీ నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి మొహం మాడ్చుకుంది. రెండో చేతికి చుట్టింది. అప్పుడు డాక్టరుని పిలిచింది. ఆయన నాతో మాట్లాడలేదు, మామాతో మాట్లాడాడు. మాత్రలు ఇచ్చారు. బయటికొచ్చేటప్పుడు నర్సమ్మ నా భుజం మీద చెయ్యేసి హిందీలో చెప్పింది. "రోజూ వేసుకో దీదీ. బాగుందని ఆపేయకు."

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"రోజూ," అంది మళ్ళీ.

నాకు భయమేసింది. జబ్బుకి కాదు. నొప్పి లేదు, జ్వరం లేదు, నాకు జబ్బంటే ఎలా నమ్ముతాను? నా భయం వేరు. నాకంటే ముందు నుంచీ ఆ ఇంట్లో కుసుమ అనే శ్రీలంక ఆవిడ పనిచేసేది. షుగరని తేలింది. వారం తిరక్కుండా పెట్టె సర్దించి పంపేశారు. మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే నేనే మంచినీళ్ళిచ్చాను. మాత్రలు మింగే పనిమనిషిని ఎవరు ఉంచుకుంటారు? మా అబ్బాయి చదువు ఇంకా సగంలో ఉంది. పైగా మా వైపు ఒక మాట ఉంది, బీపీ మాత్ర మొదలెడితే కాటిదాకా వదలదని. మొదలెడితేనే కదా, అసలు మొదలెట్టకపోతే సరి అనుకున్నాను.

మామా ఎదురుగా మాత్ర నోట్లో వేసుకునేదాన్ని, నాలుక కింద దాచి వంటింటి సింకులో ఉమ్మేసేదాన్ని. కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒకరోజు సింకు జల్లెడలో సగం కరిగిన మాత్ర వదిన చేతికి దొరికింది. తిడుతుందనుకున్నాను. మా వదిన తిట్టిందంటే వీధి చివర కుక్క కూడా లేచి పోతుంది. తిట్టలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"పోన్లేవే వరం. ఇంగ్లీసు మందు నీకు పడదేమో. మా అమ్మ చూర్ణం చేసేది, మెంతులూ కరక్కాయా ఇంకేవో యేసి. మా నాన్నకి అదే ఇచ్చేది. తెప్పిత్తాను. తాగుతావా?"

"కరక్కాయైతే తాగుతాను వదినా."

"ఒట్టు?"

"ఒట్టు."

సెలవు మీద ఊరెళ్ళి తిరిగొస్తున్న ఎవరి సంచీలోనో చూర్ణం జాడీ దిగింది. మనవాళ్ళకి ఇది మామూలే. ఎవరెళ్ళినా వచ్చేటప్పుడు సంచీలో పదిమంది ఆవకాయలు, పదిమంది మందులు ఉంటాయి. ఆ రోజు నుంచి పొద్దున్నే టిఫిన్ల హడావిడిలో కూడా వదిన ఒక గ్లాసు లబన్‌లో, అదే ఇక్కడి మజ్జిగలో, చూర్ణం కలిపి నా చేతికిచ్చేది. జాడీ నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. "కొలత తెలీకుండా కలిపావంటే ఏడి చేత్తది, ఎహె, అటుండు," అని కసిరేది. చేదు విషం. ముక్కు మూసుకుని తాగేదాన్ని. మామా కూడా మాత్ర వేసుకోమని అడగడం మానేసింది, పీడా పోయిందనుకున్నాను.

తగ్గింది! నిజంగా తగ్గింది. మామా కబీరాకి ఇంట్లోనే బీపీ మిషన్ ఉంది. పొద్దున్నా సాయంత్రం ఆవిడకి చూసేది నేనే. ఒకరోజు పెద్దావిడ నా చెయ్యి లాగి "నీది పెట్టు, నీది" అంది. పెట్టాను. క్లినిక్‌లో నర్సమ్మ మొహం మాడ్చిన అంకెకీ దీనికీ పొంతనే లేదు. నెల తర్వాత ఇంకా దిగింది. పెద్దావిడ బోసినోటితో నవ్వుతూ "మంగా దవా జైన్," అంది, మంగ మందు మంచిదని. నేను కూడా నవ్వాను. మా ఆయనకి ఫోన్ చేసి "మీ అక్క డాక్టరండీ బాబూ!" అన్నాను. "ఆయ్, మా అక్కంటే ఏవనుకున్నావ్," అన్నాడు ఆయన. శుక్రవారం నాడు తెలుగువాళ్ళం నలుగురం కలిసినప్పుడు కూడా అదే ఊదరగొట్టాను. వెనక వీధిలో పనిచేసే సుబ్బలక్ష్మక్కకి బీపీ ఉందని వదినని పీడించి ఒక సీసాడు ఇప్పించాను. ఇచ్చేటప్పుడు వదిన "మాత్రలు మానొద్దని చెప్పు" అని గొణిగింది. నీకెందుకు ఇంత భయం, చూర్ణం ఉండగా, అని నేనే వేళాకోళం చేశాను.

పోయిన ఏడాది జూలైలో వదిన సెలవు మీద ఊరెళ్ళింది. కూతురికి పురుడు. వెళ్ళేముందు చూర్ణం రోజుకొకటి చొప్పున రేకు కాగితంలో పొట్లాలు కట్టి నా పెట్టెలో పెట్టింది. "జాడీ జోలికెళ్ళకు. పొట్లాలే యేసుకో. అయిపోయేలోగా వచ్చేత్తాను." ఆగస్టులో మామా వాళ్ళు ఎండలు తట్టుకోలేక విదేశం వెళ్ళారు. నేనూ, మామా కబీరా, రోజూ వచ్చి చూసిపోయే మామా చెల్లెలూ మిగిలాం.

వదిన రాలేదు. మనవడు నెల తక్కువలో పుట్టాడట, పచ్చకామెర్లు, అద్దాల పెట్టెలో పెట్టారట. టికెట్టు వెనక్కి జరిపించుకుంది. తప్పు పట్టను. ఏ అమ్మమ్మైనా అదే చేస్తుంది. పొట్లాలు అయిపోయిన రోజు ఫోన్ చేశాను.

"వదినా, పొట్లాలు అయిపోయాయి."

లైను తెగిందేమో అనుకున్నాను.

"అల్లో, వదినా?"

"ఆ... జాడీలోది కలుపుకో."

"కొలతో?"

"ఓ చెంచాడు యేసుకో. రెండేసుకున్నా పర్లేదు. పిల్లోడు ఏడుత్తన్నాడు, పెట్టేత్తన్నాను."

ఈ నాలుగు మాటలూ నాకు ఇప్పటికీ వరసన గుర్తున్నాయి. చచ్చేదాకా గుర్తుంటాయి.

జాడీలోది కలుపుకుని తాగాను. ఆశ్చర్యం, అంత చేదు లేదు. పాతబడిందేమో అనుకున్నాను. కొన్ని రోజులకి తల వెనక బరువు మొదలైంది. చెవుల్లో ఏసీ హోరు ఎక్కువైంది. మిషన్ పెట్టుకుంటే అంకె ఆకాశంలో ఉంది. బ్యాటరీ పోతోందనుకుని కొత్తవి వేయించాను. మళ్ళీ అంతే. మిషనే పాతదైపోయిందనుకున్నాను. చూర్ణం మీద అంత నమ్మకం నాకు! దేవుణ్ణయినా అనుమానిస్తాను గానీ మా వదిన చేతి మందునా?

మామా వాళ్ళు ఊర్నించి వచ్చిన నాలుగో రోజో అయిదో రోజో, పొద్దున పది గంటల వేళ పిల్లల స్కూలు బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. ఇస్త్రీపెట్టె ఎడమచేతిలోకి మార్చుకుంటే ఆ చెయ్యి పట్టుకోలేదు. పెట్టె కిందపడి నేల చురుక్కుమంది. మామా కబీరా గదిలోంచి "ఏమైంది?" అని అరిచింది. "ఏమీ లేదు మామా" అందామని నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చింది ఏ భాషో నాకే తెలియలేదు. పెద్దావిడ మంచం మీద నుంచే కేకలు పెట్టింది. మామా చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి నన్ను కారులో పడేసింది. దారంతా ఒక చేత్తో హారన్ కొడుతూ, ఇంకో చేత్తో నా చెయ్యి పిసుకుతూ నడిపింది. నాకు మా అబ్బాయి తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. వాడితో మళ్ళీ మాట్లాడతానా, మాట్లాడినా వాడికి అర్థమవుతుందా అనే భయం తప్ప ఏమీ లేదు.

ఆసుపత్రిలో మంచం మీద పడుకోబెట్టి, వైర్లు తగిలించి, డాక్టరు అరబ్బీలో అడిగాడు, ఈమె ఏం మందులు వాడుతోంది అని. నేను తల అడ్డంగా ఊపాను. ఏమీ లేవు అని. ఇన్నేళ్ళలో ఆ ఇంటి అరబ్బీ నాకు బాగానే వచ్చింది. నోరే పనిచెయ్యడం లేదు గానీ చెవులు బాగానే ఉన్నాయి.

మామా అంది. "వాడుతోంది డాక్టర్. రోజూ బీపీ మాత్ర వేసుకుంటుంది. మంగ మజ్జిగలో కలిపి ఇస్తుంది, ఊరెళ్తూ పొట్లాల్లో కట్టి పెట్టింది. ఆ సంగతి ఆమెకి తెలియదు."

డాక్టరు ఒకసారి నా మొహంలోకి చూశాడు. నేను విన్నానని ఆయనకి తెలిసింది. మామాకి తెలియలేదు.

అదృష్టం, సాయంత్రానికి మాట తిరిగొచ్చింది, చెయ్యి కూడా నెమ్మదిగా దారికొచ్చింది. పక్షవాతం ఈసారి వచ్చి పోయింది, ఇంకోసారి వస్తే పోకపోవచ్చు అన్నారు. పొట్లాలు ఎప్పుడయిపోయాయో నేను చెప్పాక, మాత్ర ఉన్నట్టుండి ఆగిపోవడం వల్లే ఇంత జరిగిందన్నారు. పక్క మంచం మీద ఒక ఈజిప్టు ముసలమ్మ ఉండేది. నేను గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే, జబ్బుకి ఏడుస్తున్నాననుకుని, కూతురు తెచ్చిన ఖర్జూరాలు చీల్చి గింజ తీసి నా నోట్లో పెట్టింది. ఎవరో తెలియని మనిషి పెట్టిన పండు తినగలిగాను. మా ఇంట్లోంచి వచ్చిన అన్నం ముట్టుకోలేకపోయాను.

మాట రాగానే మొదట సుబ్బలక్ష్మక్కకి ఫోన్ చేశాను. ఆవిడ తెలివైంది, చూర్ణం తాగుతూ మాత్రలు కూడా వేసుకుంటోంది. బతికించింది తల్లి. తర్వాత మా ఆయనకి చేశాను.

"మీ అక్క మజ్జిగలో మాత్ర కలుపుతోందని మీకు తెలుసా?"

"ఇప్పుడెందుకే అయ్యన్నీ, ముందు నీ ఒళ్ళు..."

"తెలుసా, తెలీదా?"

"అక్క చెప్పింది. నీ మంచికే గదా అని..."

"ఎప్పట్నించి?"

ఆయన, డాక్టరేమన్నాడని మాట మార్చాడు. అంటే మొదట్నించీ. మీ అక్క డాక్టరని నేను మురిసిపోతుంటే "ఆయ్" అని నవ్వింది ఈ మనిషే. మామా కబీరా "మంగా దవా జైన్" అని నవ్వింది కూడా అందుకే. మాట దాచడం రాని మంచం మీది ముసలావిడకి కూడా తెలుసు. నా చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, నాతోపాటు అందరూ సంతోషించారు. మింగుతున్న మనిషికి తప్ప అందరికీ తెలుసు.

ఇంటికొచ్చాక మామా నా గదిలోకొచ్చి మంచం అంచున కూర్చుంది. ఎప్పుడూ రాలేదలా. నేను ముందే అడిగేశాను. "నన్ను పంపించేస్తావా మామా?"

"పంపాలనుకుంటే మొదటి రోజే పంపేదాన్ని," అంది. "నువ్వు మాత్రలు ఉమ్మేస్తున్నావని మంగ చెప్పింది. అప్పుడు మంగకి చెప్పాను. నువ్వు తెచ్చిన మనిషి, నీ పూచీ. ఆమె బీపీ తగ్గకపోతే ఇద్దరూ ఖలాస్, ఇద్దరికీ టికెట్టు అన్నాను. ఎలా వేయిస్తావో నాకు చెప్పకు అన్నాను. తనే చెప్పింది."

పంపే ఆలోచన లేదన్నది మామా నిజమనుకునే చెప్పింది. కుసుమని ఎందుకు పంపావని అడుగుదామనుకున్నాను, నోరు రాలేదు. అప్పటిదాకా నా మనసులో ఒక మూల అయినా మంగ వదిన నా మీద ప్రేమతో చేసిందని ఉండేది. ఆ మాటతో అదీ పోయింది.

వదిన అక్టోబరులో వచ్చింది. సంచీ నిండా పూతరేకులు, సున్నుండలు. నన్ను చూడగానే వాటేసుకోబోయింది. నేను వెనక్కి జరిగాను.

"ఏమేవ్, నీకోసం ఎంత ఏడ్చానో తెలుసా?"

"జాడీలో ఏవుంది వదినా?"

సంచీ కింద పెట్టింది. "మెంతులు. కరక్కాయ."

"పొట్లాల్లో?"

"చెబితే యేసుకునేదానివా? ఒట్టేసి చెప్పు. సింకులో ఉమ్మేత్తన్నావు. నా కళ్ళతో చూశాను."

"కలిపావు, సరే. ఒకపూట తిడతాను, రెండోపూట మర్చిపోతాను. పొట్లాలు అయిపోయాయని ఫోన్ చేసిన రోజు నీకు తెలుసు. జాడీలోది ఉత్త మెంతిపిండని తెలుసు. రెండు చెంచాలేసుకో అన్నావు."

వదిన మొహం తిప్పుకుంది. "మామాకి చేశాను. ఎత్తలేదు. పిల్లోడు అలాగున్నాడు. నీకు చెబుదామని నోటిదాకా వచ్చింది..."

"మరి?"

"చెప్తే నువ్వు ఊరంతా చాటేత్తావు, తమ్ముడితో గొడవ, మామా నన్ను... అబ్బా, నాలుగు రోజులే గదా, ఏమవుద్దిలే అనుకున్నానే!"

"నా ప్రాణం వదినా. ఏమవుద్దిలే అన్నది నా ప్రాణం గురించి."

"నా కూడు కూడా అందులోనే ఉంది," అంది ఆవిడ కూడా గట్టిగా. "అవును, నా కోసమే చేశాను. నువ్వు పడిపోతే నాకూ ఖలాస్. నా కోసం చేత్తే మటుకు నీకు బీపీ తగ్గలేదా? ఏడాది పైన నిన్ను నిలబెట్టింది ఎవరు? నీ తెలివా?"

అది నిజమే. అందుకే ఇంకా మండింది. "నా నోటితో సుబ్బలక్ష్మక్కకి అబద్ధం చెప్పించావు. ఆవిడకేమైనా అయితే ఊళ్ళో నా మొహం ఎలా చూపించేదాన్ని?" అన్నాను. వదిన పూతరేకులు తీసి బల్ల మీద పెట్టి పొయ్యి దగ్గరికెళ్ళిపోయింది. ఆ పూతరేకులు పిల్లలు తిన్నారు. నేను తినలేదు.

అప్పట్నించి పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి, నా నీళ్ళు నేనే పట్టుకుని, మాత్ర రేకులోంచి నేనే చింపి వేసుకుంటున్నాను. ఉప్పు తగ్గించాను. ఆవకాయ మానేశాను, ఇది మటుకు ఏడుస్తూనే. నెలనెలా క్లినిక్‌కి వెళ్ళి అదే ఆడవాళ్ళ గదిలో కూర్చుంటున్నాను. ఆ మలయాళీ నర్సమ్మ ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. అంకె బాగుంటుంది. నాకు చెప్పి తగ్గిన అంకె.

నాలాంటి వాళ్ళు ఇక్కడ ఎంతమందో ఉన్నారు, నాకు తెలుసు. శుక్రవారాల్లో కలిసినప్పుడు చూస్తుంటాను. ఒకరు తలనొప్పి వస్తేనే వేసుకుంటారు, ఒకరు తగ్గిందని ఆపేస్తారు, ఒకరు పక్కమంచం వాళ్ళ మాత్ర అరువు తెచ్చుకుంటారు. చూర్ణాలు తెప్పించుకునే వాళ్ళకి ఒక్క మాట. అందులో ఏముందో తెలియనిది మీ ఒంట్లోకి పోనివ్వకండి, తెచ్చింది కన్నతల్లయినా సరే. మీ ఇంట్లో ఎవరైనా మాత్ర వేసుకోనని మొండికేస్తే తిట్టండి, కొట్టండి, ఊరంతా చెప్పండి, డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళండి. దొంగతనంగా మాత్రం పెట్టకండి. పెట్టే చెయ్యి లేని రోజు ఆ మనిషి గతేమిటి?

మొన్న జనవరిలో ఒక సాయంత్రం మామా కబీరాకి బీపీ చూసి మిషన్ సర్దుతున్నాను. వదిన వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పని మాటలు తప్ప మా మధ్య ఇంకేమీ లేవు అప్పటికి. కొంగు పక్కకి తీసి చెయ్యి ముందుకు చాపింది.

"తల దిమ్ముగా ఉంటందే. ఓసారి చూడు."

పట్టీ చుట్టాను. మిషన్ ఊపిరి బిగబట్టి వదిలింది. అంకె చూశాను. ఆవిడ అంకె చూడలేదు, నా మొహం చూసింది.

"ఎంతే?"

"మొదట్లో నాకున్నదాని కంటే ఎక్కువ."

వదిన గబుక్కున తలుపు మూసింది. నా మణికట్టు పట్టుకుంది. "మామాకి చెప్పకే వరం. నీకు దణ్ణం పెడతాను. నాకేమైనా ఉందని తెలిత్తే పంపించేత్తది. ఆ పొడేదో తాగుతాలే."

"రేపు టిఫిన్లవగానే చెప్తాను," అన్నాను. "నిన్ను పక్కన నిలబెట్టుకుని చెప్తాను. మాత్రలు వేసుకుంటేనే ఉంచమని కూడా చెప్తాను. ఉమ్మేస్తే మళ్ళీ చెప్తాను."

"పగ తీర్చుకుంటన్నావా?" కళ్ళనిండా నీళ్ళతో అడిగింది.

"పగైతే నీకు చెప్పకుండా చేసేదాన్ని, వదినా."